పొడిగా కనిపించే గచ్చు నిజంగా పొడేనా?

స్కూటరో, కారో, ట్రాక్టరో పెట్టుకునే షెడ్డులోని సిమెంటు గచ్చును ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? బూడిదరంగులో, చేత్తో రాస్తే కాస్త గరుకుగా, పొడిపొడిగా ఉంటుంది. నీళ్ళు చల్లి కడిగినా ఎండాకాలంలో అరగంటలో ఆరిపోతుంది. "ఇంకేం, గచ్చు పొడిగానే ఉంది కదా, రంగు వేసేద్దాం" అనిపిస్తుంది. రంగు వేస్తారు. రెండు మూడు నెలలు గచ్చు అద్దంలా మెరుస్తుంది. ఆ తరువాత ఒక మూల చిన్న బొబ్బ లేస్తుంది. దాని పక్కనే మరొకటి లేస్తుంది. వేలితో నొక్కితే బొబ్బ చిట్లి లోపల తడి కనిపిస్తుంది. ఇక బండి చక్రం తిరిగినప్పుడల్లా రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది.

ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చింది? పైనుంచి రాలేదు, పైన రంగు పొర ఉంది కదా! రంగు వేసిన రోజున గచ్చు మీద చుక్క నీరు లేదు. మరి ఎక్కడిది?

ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే మీరు పాఠాల్లో చదువుకున్న తలతన్యత, బాష్పీభవనం, సాపేక్ష ఆర్ద్రత, క్షారాలు, ద్రవాభిసరణ అన్నీ ఆ ఒక్క గచ్చులోనే ఎదురవుతాయి. అంతేకాదు. వేల రూపాయల రంగు నిలుస్తుందో లేదో ఒక ప్లాస్టిక్ కాగితం ముక్కతో ముందుగానే తెలుసుకోవచ్చు. అదెలాగో చూద్దాం.

కాంక్రీటు ఎండి గట్టిపడుతుందా?

చాలామంది అలాగే అనుకుంటారు. బురద ఎండి గట్టిపడినట్టే సిమెంటు కూడా నీరు ఆరిపోయి గట్టిపడుతుందని వారి ఊహ. అది నిజమైతే కొత్తగా వేసిన స్లాబు మీద మేస్త్రీలు మడులు కట్టి నీళ్ళు ఎందుకు నిలుపుతారు? సిమెంటు గట్టిపడేది నీరు పోవడంవల్ల కాదు, నీటితో రసాయనికంగా కలవడంవల్ల. అందుకే అది నీటి అడుగున కూడా గట్టిపడుతుంది. మామూలు పోర్ట్‌లాండు సిమెంటుతో కట్టిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలని భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది.

ఇప్పుడొక లెక్క వేద్దాం. ఒక బస్తా సిమెంటు బరువు 50 కిలోలు. దానిలో 25 లీటర్ల నీరు పోసి కాంక్రీటు కలిపారనుకోండి. సిమెంటు పూర్తిగా నీటితో కలిసిపోయినా, ఒక్కో గ్రాము సిమెంటు రసాయనికంగా పట్టుకోగలిగే నీరు సుమారు 0.23 గ్రాములే. అంటే 50 కిలోల సిమెంటు బంధించేది 11.5 కిలోల నీటిని. మిగిలిన 13.5 లీటర్ల మాటేమిటి? మేస్త్రీకి పని సులువు కావాలంటే ఆ నీరు ఉండాలి. కాని పని ముగిశాక అది కాంక్రీటులోని సన్నని రంధ్రాల్లో ఉండిపోతుంది. అందులో కొంత ఆ రంధ్రాల గుండానే మెల్లమెల్లగా పైకి వచ్చి ఆవిరైపోవాలి.

చూశారా! కంటికి రాయిలా కనిపించే కాంక్రీటు నిజానికి గట్టి స్పంజి వంటిది. దాని రంధ్రాలు కంటికి కనిపించనంత చిన్నవి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "కాంక్రీటు వేసి 28 రోజులైతే చాలు, రంగు వేయవచ్చు" అంటారు. ఈ 28 రోజుల లెక్క కాంక్రీటు బలానికి సంబంధించినది. దిమ్మ చేసి 28వ రోజున దాని బలాన్ని పరీక్షిస్తారు. ఎంత ఆరిందో చెప్పే లెక్క అది కాదు. నీళ్ళు కట్టడం ఆపిన తరువాత అంగుళం మందానికి సుమారు ఒక నెల పడుతుందని పనివారు మోటుగా వేసుకునే లెక్క. అంటే నాలుగు అంగుళాల గచ్చుకు నాలుగు నెలలు! వానాకాలమైతే ఇంకా ఎక్కువ.

నేల కింది నుంచి పైకెక్కే నీరు

సరే, గచ్చు వేసి పదేళ్ళయింది. కలిపిన నీరు ఎప్పుడో పోయింది. అప్పుడు భయం లేదా?

ఉంది. ఒక పళ్ళెంలో కొంచెం సిరా పోసి, అందులో సుద్దముక్కను నిలబెట్టి చూడండి. సిరా ఎవరూ తోడకుండానే సుద్దముక్క పైకి పాకుతుంది. సన్నని రంధ్రాల్లో ద్రవం ఇలా పైకెక్కడాన్ని కేశనాళికీయత అంటాం. నాళిక ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుందన్న నియమాన్ని 1718లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ జూరిన్ వివరించాడు. నీటి తలతన్యత, సాంద్రత, గురుత్వ త్వరణం విలువలు వేసి లెక్క కడితే ఇలా వస్తుంది:

నాళిక వ్యాసార్థం 1 మి.మీ. అయితే నీరు ఎక్కే ఎత్తు సుమారు 1.5 సెం.మీ.
వ్యాసార్థం 0.1 మి.మీ. అయితే సుమారు 15 సెం.మీ.
వ్యాసార్థం 0.01 మి.మీ. అయితే సుమారు 150 సెం.మీ.

అంటే మీటరున్నర లోతున నీరున్నా, మట్టిలోని సన్నని సందులు దాన్ని గచ్చు అడుగుదాకా మోసుకురాగలవు. రేగడి వంటి మెత్తని మట్టిలో సందులు ఇంకా సన్నం. లావు కంకరలో సందులు పెద్దవి కాబట్టి నీరు పైకెక్కలేదు. గచ్చు కింద కంకర పరవడంలో ఉన్న ఉపయోగాల్లో ఇదొకటి. అయితే కంకర ఆపేది నీటినే, ఆవిరిని కాదు. తడిమట్టి మీది ఆవిరి కంకర సందుల్లోంచి విసరణ ద్వారా పైకి వస్తూనే ఉంటుంది. దాన్ని కూడా ఆపాలంటే గచ్చు వేసేముందే కింద మందపాటి పాలిథీన్ కాగితం పరవాలి.

మరి కంటికి ఎందుకు కనిపించదు?

దీనికి జవాబు మీ ఇంటి మట్టికుండ చెబుతుంది. వేసవి మధ్యాహ్నం కుండ బయటివైపు చేయి పెట్టి చూడండి. చల్లగా ఉంటుంది కాని నీళ్ళు కారవు. అయినా కుండలోని నీరు తగ్గిపోతూనే ఉంటుంది. కుండ గోడలోంచి ఎంత నీరు బయటికి వస్తుందో అంతా వెంటనే ఆవిరైపోతున్నది. ఇప్పుడు ఆ కుండ చుట్టూ ఒకచోట ప్లాస్టిక్ కాగితాన్ని గట్టిగా చుట్టి గంటసేపు ఆగండి. కాగితం లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తాయి! కాగితం నీటిని పుట్టించలేదు. పోయే నీటికి దారి మూసింది, అంతే.

గచ్చు కూడా అలాంటి కుండే. రోజంతా దానిలోంచి కొద్దికొద్దిగా ఆవిరి వస్తూనే ఉంటుంది, వచ్చింది వచ్చినట్టు గాలిలో కలిసిపోతుంది. అందుకే పైభాగం పొడిగా కనిపిస్తుంది. దాని మీద మనం వేసే ఎపాక్సీ వంటి రంగు, కుండకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం లాంటిది. ఆవిరికి దారి మూసుకుపోతుంది. తేమ రంగు కిందనే పోగవుతుంది.

తేమ పోగైతే రంగు ఎందుకు ఊడాలి? "ఆవిరి పొంగి రంగును ఎత్తేస్తుంది" అని కొందరంటారు. ఇది కూడా లెక్క వేసి చూద్దాం. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి ఆవిరి గరిష్ఠ పీడనం సుమారు 32 మి.మీ. పాదరసం. వాతావరణ పీడనం 760 మి.మీ. అంటే ఆవిరి పీడనం దానిలో సుమారు ఇరవై నాలుగో వంతు మాత్రమే. గట్టిగా పట్టుకున్న రంగును ఎత్తడానికి ఇది చాలదు. అసలు కారణాలు వేరు.

మొదటిది క్షారం. సిమెంటు నీటితో కలిసినప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది. అంటే మీకు తెలిసిన తడిసున్నమే. కాంక్రీటు రంధ్రాల్లోని నీటి పి.హెచ్. విలువ 12 దాటి ఉంటుంది. నూనెను క్షారంతో కలిపి వేడిచేస్తే సబ్బు తయారవుతుందని చదువుకున్నారు. నూనెతో తయారైన రంగును తడి కాంక్రీటు మీద వేస్తే జరిగేది అదే! రంగు అడుగుభాగం మెల్లగా సబ్బుగా మారి జిగటబారి, పట్టు వదిలేస్తుంది.

రెండోది లవణాలు. నీరు పైకి వస్తూ దారిలోని లవణాలను కరిగించుకొని వస్తుంది. రంగు లేని గచ్చు మీద నీరు ఆవిరైపోయి లవణం తెల్లని పొడిగా మిగులుతుంది. పాత గోడల అడుగున తెల్లగా ఉప్పు పూయడం మీరు చూసే ఉంటారు. రంగు ఉంటే ఆ లవణం రంగు కిందనే నిలిచిపోతుంది. ఎండుద్రాక్షను నీటిలో వేస్తే ద్రవాభిసరణవల్ల ఉబ్బుతుంది కదా? అలాగే రంగు కింద చిక్కనైన లవణ ద్రావణం కింది నుంచి ఇంకా ఇంకా నీటిని లాక్కుంటుంది. ఈ పీడనం ఆవిరి పీడనంకంటె ఎన్నోరెట్లు ఎక్కువ. గట్టి ఎపాక్సీ పొరలో కూడా బొబ్బలు లేవడానికి ఇదొక కారణం.

ఊడదీయగల రంగు: ప్లాస్టిక్ కాగితం పరీక్ష

రంగు వేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మార్గమేమిటి? రంగు చేసే పనినే చేసే, కాని మర్నాడు సులువుగా ఊడదీయగల పొరను వేసి చూడటం. అదే పాలిథీన్ కాగితం. పదార్థాల పరీక్షలకు ప్రమాణాలు నిర్ణయించే ఎ.ఎస్.టి.ఎం. అనే అమెరికా సంస్థ ఈ పరీక్షను 1983లో డి 4263 అనే సంఖ్యతో ప్రమాణంగా రాసింది. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. మీరే చేయవచ్చు.

కావలసినవి: అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శకమైన పాలిథీన్ ముక్కలు మూడు (మందం సుమారు 0.1 మి.మీ. ఉండాలి, పలచని సంచి పనికిరాదు), వెడల్పాటి ప్యాకింగు టేపు, పొడిగుడ్డ, సుద్దముక్క, నోటుపుస్తకం.

చేసే విధానం:

1. షెడ్డులో మూడుచోట్లు ఎంచుకోండి: గోడవార ఒకటి, మధ్యలో ఒకటి, తలుపు దగ్గర ఒకటి. నేరుగా ఎండ పడే చోటు వద్దు.

2. ఆ చోట్లను చీపురుతో ఊడ్చి పొడిగుడ్డతో తుడవండి. కడగవద్దు. దుమ్ము ఉంటే టేపు అంటదు.

3. ఒక్కోచోట ఒక చుక్క నీరు వేసి చూడండి. నీరు ఇంకితే మంచిదే. తామరాకు మీద బొట్టులా నిలిస్తే అక్కడ ఇంజను ఆయిల్ గాని, పాత పూత గాని ఉందన్నమాట. అది ఆవిరిని ఆపుతుంది కాబట్టి అక్కడ పరీక్ష చేస్తే ఫలితం తప్పుతుంది. మరోచోటు చూసుకోండి. చుక్క వేసిన జాగాకు దూరంగా కాగితం పరవండి.

4. పాలిథీన్ ముక్కను పరచి నాలుగు అంచులా టేపుతో అంటించండి. ఎక్కడా సందు ఉండకూడదు. సందు ఉంటే ఆవిరి తప్పించుకుంటుంది.

5. కాగితం పక్కనే సుద్దతో తేదీ, సమయం రాయండి. కనీసం 16 గంటలు కదపవద్దు. సాయంత్రం 4 గంటలకు అంటిస్తే మర్నాడు ఉదయం 8 గంటలకు 16 గంటలు పూర్తవుతాయి. పూర్తిగా ఒక రోజు, రెండు రోజులు ఉంచినా మంచిదే.

6. విప్పేముందు కాగితం పైభాగాన్ని చూసి రాసుకోండి. తరువాత ఊడదీసి కాగితం అడుగుభాగాన్ని, గచ్చు రంగును వెంటనే చూడండి. ఆలస్యం చేస్తే గచ్చు మీది మరక ఆరిపోతుంది.

ఫలితాలు చదవడం ఇలా:

కాగితం అడుగున నీటి బొట్లు ఉంటే కింది నుంచి తేమ వస్తున్నది. రంగు వేయకూడదు.

బొట్లు లేవు కాని కాగితం కింద గచ్చు చుట్టుపక్కలకంటె నల్లబడింది. ఇది కూడా తేమే. రంగు వేయకూడదు.

కాగితం అడుగు పొడి, గచ్చు రంగు మారలేదు. ప్రస్తుతానికి పైపొరలోకి తేమ అంతగా రావడం లేదు.

కాగితం పైన తడి, అడుగున పొడి. ఆ తేమ నేలది కాదు, గాలిది.

రెండో ఫలితం చూసి మోసపోయేవారు ఎక్కువ. బొట్లు లేవు కదా అని సంతోషిస్తారు. ఆవిరి ఎప్పుడూ చల్లని చోటనే నీరుగా మారుతుంది. రాత్రివేళ కాగితం గచ్చుకంటె చల్లబడితే బొట్లు కాగితానికి పడతాయి. గచ్చే చల్లగా ఉంటే నీరు గచ్చులోనే నిలిచి దాన్ని నల్లబరుస్తుంది. అందుకే రెండూ చూడాలి.

గాలి చెమటా, నేల చెమటా?

నాలుగో ఫలితం సముద్రతీర జిల్లాలవారికి బాగా తెలిసినదే. వానాకాలం ఉదయాన గచ్చు ఒక్కోసారి చెమర్చినట్టు తడిగా ఉంటుంది. "నేల ఊరుతోంది" అంటారు. నిజంగా నేలదేనా?

30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని ఉంచుకోగలదు. 25 డిగ్రీల దగ్గర 23 గ్రాములే. గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 80 శాతం అనుకుందాం. అంటే ఆ గాలిలో 24 గ్రాముల ఆవిరి ఉంది. ఆ గాలి 25 డిగ్రీలున్న గచ్చును తాకితే 23 గ్రాములే నిలుస్తాయి. మిగిలిన గ్రాము నీరుగా మారి గచ్చు మీద పడుతుంది. చల్లని సోడాసీసా బయట పట్టే నీటి సంగతి కూడా ఇదే.

కాగితం ఈ రెండిటినీ ఎంత సులువుగా విడదీసిందో చూడండి. గాలి తేమ కాగితం పైన, నేల తేమ కాగితం కింద! గాలి తేమ అయితే ఆ రోజు రంగు వేయకుండా, గచ్చు వేడెక్కి గాలి పొడిబారే రోజు కోసం ఆగితే సరిపోతుంది. నేల తేమ అయితే ఒక రోజు ఆగినందువల్ల లాభం లేదు.

కాలువ పక్క షెడ్డు

ఈ పరీక్షను ఎలా చేయాలన్నదే కాదు, ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే. మాది గోదావరి డెల్టా. కాలువ గట్టు పక్క వీధిలో ఒక మోటారు సైకిళ్ళ మెకానిక్ తన షెడ్డు గచ్చుకు మే నెలలో రంగు వేయించాడు. సెప్టెంబరుకల్లా రంగు పెచ్చులూడింది. మెకానిక్ పెయింటరును తిట్టాడు. పెయింటరు రంగు డబ్బాను తిట్టాడు. దుకాణందారు పెయింటరు చేతిపనిని తిట్టాడు. మెకానిక్ కూలి బాకీ ఇవ్వనన్నాడు. పెయింటరు ఇల్లు గడిచేది ఆ కూలి మీదే.

మెకానిక్ కూతురు అప్పుడు మా పాఠశాలలో 9వ తరగతి. ఆమె, ఇద్దరు స్నేహితులు కలిసి షెడ్డులో మూడుచోట్ల పాత రంగును సిమెంటు కనిపించేదాకా గీకి, పైన చెప్పినట్టే కాగితాలు అంటించారు. మర్నాడు గోడవార కాగితం అడుగున బొట్లు ముత్యాల్లా నిలిచాయి. మధ్య కాగితం కింద గచ్చు నల్లబడింది. తలుపు దగ్గరిది మాత్రం పొడి.

మెకానిక్ నమ్మలేదు. "మే నెలలో వేయించాను మాస్టారూ, రోళ్ళు పగిలే ఎండల్లో! అప్పుడు తడి ఎక్కడిది?" అన్నాడు. ఆ ప్రశ్న సరైనదే. అందుకే పిల్లలు అవే చోట్లలో మరుసటి మే నెలలో పరీక్షను మళ్ళీ చేశారు. మూడు కాగితాలూ పొడి!

కారణం మీకు తట్టిందా? ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలను వేసవిలో మరమ్మతుల కోసం కట్టివేస్తారు. జూన్ ప్రాంతంలో నీరు వదులుతారు. కాలువ నిండగానే గట్టు పక్క నేలలో నీటిమట్టం పైకి వస్తుంది. ఆపైన వానలు. మేలో అందనంత లోతున ఉన్న నీరు ఆగస్టులో గచ్చు అడుగుకు చేరుతుంది. రంగు వేసిన రోజున గచ్చు నిజంగానే పొడి. నాలుగు నెలల తరువాత కాదు.

నోటుపుస్తకంలోని రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూశాక మెకానిక్ పెయింటరు బాకీ తీర్చాడు. మిగిలిన రంగును గీకించి, గచ్చును మామూలు సిమెంటు గచ్చుగానే ఉంచేశాడు. ఇప్పుడు ఆ పెయింటరు సంచిలో కుంచెలతోపాటు ఒక పాలిథీన్ కాగితం చుట్ట కూడా ఉంటుంది.

కాబట్టి గుర్తుంచుకోండి: పరీక్షలో తడి కనిపిస్తే తడి ఉన్నట్టే. కాని పొడి కనిపిస్తే "ఈ రోజున, ఈ చోట పొడి" అని మాత్రమే అర్థం. నీటిమట్టం పెరిగే కాలంలో కూడా ఒకసారి పరీక్షించి చూశాకే ధైర్యంగా చెప్పగలం.

ఎంత తేమ? తూచి చెప్పడం

కాగితం పరీక్ష తేమ ఉందా లేదా అనే చెబుతుంది. ఎంత అని చెప్పదు. దానికి తేమను లాక్కునే అనార్ద్ర కాల్షియం క్లోరైడ్‌ను వాడవచ్చు. ఈ ప్రయోగాన్ని మీ ఉపాధ్యాయుల సమక్షంలోనే చేయండి. ఆ పదార్థాన్ని చేత్తో తాకరాదు. నీటిలో కలిస్తే వేడెక్కుతుంది.

చిన్న మూతగిన్నెలో సుమారు 15 గ్రాముల కాల్షియం క్లోరైడ్ వేసి, మూతతో సహా తూచండి. శుభ్రం చేసిన గచ్చు మీద మూడు సీసామూతలు పెట్టి వాటిమీద గిన్నెను ఉంచి, దాని మూత తీయండి. 30 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పు ఉన్న ప్లాస్టిక్ డబ్బాను దానిమీద బోర్లించి అంచులు టేపుతో మూయండి. 72 గంటల తరువాత గిన్నెకు మూత పెట్టి మళ్ళీ తూచండి.

ఉదాహరణకు బరువు 3.6 గ్రాములు పెరిగిందనుకోండి. రోజుకు 1.2 గ్రాములు. డబ్బా కప్పిన వైశాల్యం 450 చదరపు సెం.మీ. ఒక చదరపు మీటరు అంటే 10,000 చదరపు సెం.మీ. కాబట్టి ఒక చదరపు మీటరు నుంచి రోజుకు వచ్చే తేమ:

1.2 × 10,000 ÷ 450 = 26.7 గ్రాములు.

గచ్చు పూతలు తయారుచేసేవారు చాలాకాలం పాటించిన హద్దు సుమారు 15 గ్రాములు. మన గచ్చు ఆ హద్దును దాటింది. రంగు ఆపవలసిందే.

ఈ పద్ధతి కూడా చెప్పేది పైపొర సంగతే. లోతున దాగిన తేమను కనిపెట్టడానికి 2002లో ఎ.ఎస్.టి.ఎం. మరో ప్రమాణం వెలువరించింది. గచ్చు మందంలో 40 శాతం లోతుకు రంధ్రం తొలిచి, లోపలి సాపేక్ష ఆర్ద్రతను కొలుస్తారు. పది సెం.మీ. గచ్చుకు నాలుగు సెం.మీ. లోతన్నమాట. అంత లోతున ఎందుకు? ఆరుతున్న గచ్చు పైన పొడి, అడుగున తడి. రంగుతో పైభాగం మూసేస్తే లోపలి తేమ మెల్లగా సర్దుకొని అంతటా ఒకే విధంగా అవుతుంది. ఆ చివరి స్థితి ఎలా ఉంటుందో 40 శాతం లోతున ఇప్పుడే తెలుస్తుంది.

తేమ ఉంటే ఏం చేయాలి?

ముందు కారణం వెదకాలి. గోడవార మాత్రమే తడి ఉంటే పైకప్పు నీరు పడే గొట్టమో, కారే కుళాయో, పక్క తూమో కారణం కావచ్చు. అది బాగుచేస్తే చాలు. కొత్త గచ్చయితే ఆరేదాకా ఆగాలి. నేలలో నీటిమట్టమే కారణమైతే ఆవిరిని ఆపే రంగు వేయకపోవడమే మేలు. పాత ఇళ్ళలో నున్నగా మెరిసే ఎర్రగచ్చు చూశారా? అది రంగు పొర కాదు. ఎర్రని ఐరన్ ఆక్సైడ్ పొడిని సిమెంటులోనే కలిపి నునుపు చేసినది. అందులోని రంగు గచ్చులో భాగం. పొరే లేనప్పుడు ఊడేదేముంది?

ఆలోచించండి, చేసి చూడండి

1. షెడ్డు గచ్చు మీద వాననీటి మరకలు లేవు. కాని రబ్బరు చాప ఎత్తి చూస్తే కింద గచ్చు నల్లగా ఉంది. దీన్నిబట్టి ఏం చెప్పగలరు?

2. కాగితం ఒక అంచున టేపు ఊడిపోయింది. అడుగు పొడిగా ఉంది. ఈ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా? ఎందుకు?

3. కాల్షియం క్లోరైడ్ ప్రయోగంలో బరువు 1.35 గ్రాములు మాత్రమే పెరిగితే చదరపు మీటరుకు రోజుకు ఎన్ని గ్రాములు? (జవాబు: 10 గ్రాములు.) ఆ ప్రయోగం మే నెలలో చేసి ఉంటే మీరు ఇంకేమి అడుగుతారు?

4. మీ ఊరిలో బావి నీటిమట్టాన్ని నెలకొకసారి తాడుతో కొలిచి ఏడాదిపాటు రాయండి. ఏ నెలలో గచ్చును పరీక్షిస్తే సరైన జవాబు వస్తుందో ఆ పట్టికే మీకు చెబుతుంది.